దొరసానికి ఏ పనీ లేదు

గోతంలో చిరుగు ఎక్కడుందో కంటితో వెతికేవాళ్లు పనికి కొత్త. సుంకులమ్మ అట్లా వెతకదు. గోతంలోకి మోచేతిదాకా చెయ్యి పోనిచ్చి ఒక్కసారి తిప్పుతుంది. హమాలీ కొక్కెం దిగిన చోటేదో, ఎలుక కొరికిన చోటేదో వేళ్లకే తెలిసిపోతుంది. కొక్కెం చిరుగైతే దబ్బనంతో నాలుగు కుట్లు వేస్తే సరి, గోతం మొదటి రకంలోనే అమ్ముడుపోతుంది. ఎలుక కొరికిందైతే అతుకు వేయాలి. అతుకు పడిన గోతం రెండో రకం. ఒక గోతానికి చూస్తే తేడా కొంచెమే. వందల మీద లెక్క కడితే వ్యాపారం లాభమంతా ఆ కొంచెంలోనే ఉంటుంది. అందుకే ఆదోని మార్కెట్ యార్డు వెనక పాత గోతాలు కొని, కుట్టి, అమ్మేవాళ్లకు దొంగల భయం కన్నా, నిప్పు భయం కన్నా ఎలుకల భయం ఎక్కువ. వేరుశనక్కాయలూ జొన్నలూ మోసి వచ్చిన గోతాలు కదా. గింజలు దులిపేసినా వాసన పోదు.

ఆ భయం లేకుండా చేసేది గోడౌన్‌లోని పిల్లి. తెల్లటి ఒంటి మీద నల్లమచ్చలు, ఒక చెవి కొస కొంచెం తెగి ఉంటుంది. షట్టరు దించాక దాని పని మొదలవుతుంది. పొద్దున తీసేసరికి గుమ్మం దగ్గర రెండు తోకలు, కొంచెం బొచ్చు మిగిలి ఉంటాయి. సుంకులమ్మ వాటిని చీపురుతో ఊడ్చేసి దాని పళ్లెంలో పాలు పోస్తుంది. అది తాగి, మూతి తుడుచుకొని, గోతాల కట్టల మీదికెక్కి పడుకుంటుంది. తొమ్మిదికి టిఫిన్ తిని లక్ష్మప్ప వచ్చేసరికి తోకలూ ఉండవు, బొచ్చూ ఉండదు. కట్టల మీద పడుకున్న పిల్లి, కింద గోతాల కుప్పలో కూర్చున్న పెళ్లాం కనబడతారు.

"ఇద్దరూ ఇద్దరే. పొద్దస్తమానం గోతాల మీదే" అంటాడు లక్ష్మప్ప, కుర్చీ లాక్కుంటూ.

కోపంగా అనే మాట కాదది. ఆ మాట అన్నాక అతనికి వ్యాపారం మొదలైనట్టు. సుంకులమ్మ తల ఎత్తదు. నోట్లో పురికొస కొస ఉంటుంది, జవాబు చెప్పాలన్నా వీలుండదు. హాలహర్వి నుంచి పెళ్లయి వచ్చిన నెలలోనే ఆమె చేతికి దబ్బనం ఇచ్చింది అత్తగారు. "ఊరికే కూర్చోకుంటే నీకూ పొద్దు పోతాది" అంది. అప్పటి నుంచీ పొద్దు పోతూనే ఉంది. ఎన్ని గోతాలు ఆమె చేతి మీదుగా పోయాయో లెక్క పెడితే ఆదోని నుంచి బళ్లారి దాకా రోడ్డు మీద పరచవచ్చు. గోడౌన్ మీద బోర్డు లక్ష్మప్పది. కొనేది, అమ్మేది, నమస్కారాలు తీసుకునేది లక్ష్మప్ప. మధ్యలో జరిగేదానికి పేరు లేదు.

ఒకప్పుడు ఇంత ఒంటరిగా ఉండేది కాదు. పక్కన పెద్దమ్మ కూర్చునేది. పేరుకే పెద్దమ్మ, వరస ఏమీ కాదు, కూలికి కుట్టే మనిషి. గోతానికి మూడు రూపాయలు. చెయ్యి ఎంత జోరో నోరూ అంత జోరు. యార్డులో ఎవరి వ్యాపారం దివాలా తీసిందీ, ఎవరి కోడలు ఎదురు తిరిగిందీ అన్నీ ఆమె నోటి నుంచే వచ్చేవి. ఈ పిల్లిని తెచ్చింది కూడా ఆమే. "పిల్లిని కొనకూడదు సుంకులూ, ఊరికే తెచ్చుకోనూ కూడదు. నిలబడదు" అని, పిల్లిపిల్ల ఉన్న ఇంట్లో ఒక బెల్లం అచ్చు ఇచ్చి, కొంగులో చుట్టుకొని తెచ్చింది. పగలంతా అది నిద్రపోవడం చూసి 'దొరసాని' అని పేరు పెట్టింది. తర్వాత మోకాళ్లు పట్టేసి, కృష్ణగిరిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె చోటులో ఇంకొకరిని పెట్టమని సుంకులమ్మ రెండు మూడు సార్లు అడిగింది. "నువ్వుండావు కదా" అన్నాడు లక్ష్మప్ప. పెద్దమ్మ కుట్టే గోతాలు కూడా సుంకులమ్మ ముందుకే వచ్చి పడ్డాయి. పెద్దమ్మ కూలి మాత్రం రాలేదు. అది ఎక్కడికి పోయిందో ఎవరూ మాట్లాడలేదు. అసలు అటువంటిది ఒకటుందనే ఎవరికీ తట్టలేదు.

మాటలు కూడా పెద్దమ్మతోనే పోయాయి. లక్ష్మప్పకు ఫోనుతో మాట్లాడటానికే పొద్దు చాలదు. వచ్చేపోయేవాళ్లు "బాగున్నావామ్మా" అని, జవాబు వినకుండా కుర్చీ దగ్గరికి వెళ్లిపోతారు. మధ్యాహ్నం యార్డు సద్దుమణిగాక గోడౌన్‌లో దుమ్ము కూడా కదలదు. ఆ పూట సుంకులమ్మ పిల్లితో మాట్లాడటం నేర్చుకుంది. మొదట్లో సిగ్గేసేది. పిల్లి ఒక చెవి ఇటు తిప్పి, కళ్లు తెరవకుండానే వినేది. ఇంట్లో ఇంకెవరూ ఆమాత్రం కూడా తిప్పలేదు కాబట్టి సిగ్గు పోయింది.

అట్లాంటి ఒక మధ్యాహ్నం కళ్యాణ్ వచ్చాడు. లక్ష్మప్ప అక్క కొడుకు. ఎమ్మిగనూరులో ఉంటాడు, ఒక ఇన్సూరెన్సు కంపెనీకి ఏజెంటు. బండి స్టాండు వేస్తూనే నవ్వు మొదలుపెట్టే పిల్లవాడు.

"శ్రీనివాసులు సేటు కుక్కకు పాలసీ రాయించి వస్తాండా మామా" అన్నాడు, మంచినీళ్లు తాగి. "జాతికుక్క. బళ్లారిలో కొన్నాడంట."

"కుక్కకు ఇన్సూరెన్సా? ఎంత కట్టినాడు?"

"కుక్క ఖరీదు మీద నూటికింత అని కడతారు. ఖరీదు ఎక్కువైతే కట్టేదీ ఎక్కువ. అది ఎవరినన్నా కరిస్తే వాళ్లకు ఇయ్యాల్సిన ఖర్చుకు ఇంకొంచెం. పిల్లికైతే చవక, దానికి ఆ బాధ లేదు."

"పిల్లి మాత్రం కరవదా?"

"కరిస్తే ఎవురు బయటికి చెప్పుకుంటారు మామా."

లక్ష్మప్ప నవ్వాడు. సుంకులమ్మ దబ్బనం ఆపింది. "పిల్లికీ ఉందా?" అంది.

కళ్యాణ్ ఇటు తిరిగాడు. ఈ నెల టార్గెట్‌కు ఇంకా తక్కువ పడుతున్నాయి, అది ముఖంలోనే కనబడుతూ ఉంది. "ఉండాది అత్తా. నాటుపిల్లికి కూడా ఇస్తాండారు మా కంపెనీలో."

"సస్తే ఇస్తారా, బతికిస్తే ఇస్తారా?"

ఈ ప్రశ్న సేటు అడగలేదు కాబోలు, కళ్యాణ్ కుర్చీ ఆమె వైపు జరుపుకున్నాడు. "రెండు రకాలుండాయి. సచ్చినాక ఇచ్చేది చవక. ఆస్పత్రి ఖర్చు ఇచ్చేదానికి ఎక్కువ కట్టాల. అందులోనూ నూటికి ఎనభై కంపెనీ ఇస్తాది, ఇరవై మనం పెట్టుకోవాల. కాలో చెయ్యో విరిగితే కట్టిన కొద్ది రోజుల నుంచే వర్తిస్తాది. జబ్బయితే నెల పైన ఆగాల. ముందు నుంచి ఉండే జబ్బుకు రాదు. టీకాలు వేయించిన కార్డు ఉండాల. ముసలిదైపోతే కొత్తగా తీసుకోరు."

"టీకాల ఖర్చు?"

"మనదే."

"పిల్లలు పెట్టేటప్పుడు ఏమన్నా అయితే?"

"కాన్పుకు రాదత్తా. అది జబ్బు కిందికి రాదు. యాక్సిడెంటు కిందికీ రాదు."

"మరి దేని కిందికి వస్తాది?"

కళ్యాణ్ చేతిలోని కంపెనీ కరపత్రం తిప్పాడు. దాని వెనక కూడా జవాబు లేదు.

"చెవికి బిళ్ల వేస్తారా?" అని అడిగింది సుంకులమ్మ. హాలహర్విలో నాయన జయన్నకు గేదె ఉండేది. దానికి ఇన్సూరెన్సు ఉండేది, చెవికి పచ్చ బిళ్ల ఉండేది. అది చనిపోయినప్పుడు నాయన ఏడ్చుకుంటూనే కత్తి తీసుకొని బిళ్లతో సహా ఆ చెవి కోసి, గుడ్డలో చుట్టుకొని బస్సెక్కాడు. బిళ్ల లేకపోతే డబ్బు లేదు. బతికినన్నాళ్లూ పాలిచ్చిన గేదె చివరికి ఒక చెవిగా మిగిలి ఆఫీసు బల్ల మీదికి చేరడం ఆమెకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. దొరసాని చెవి అప్పటికే తెగి ఉంది. ఇంకో చెవికి ఒప్పుకునేది లేదు.

"లేదత్తా. ఫోటో తీస్తే చాలు. కావాలంటే చర్మం కింద బియ్యపు గింజంత చిప్ వేస్తారు."

కాగితాలు బయటికి వచ్చాయి. యజమాని పేరు అడిగితే "నాదే రాయి. కట్టేది నేను కదా" అన్నాడు లక్ష్మప్ప. ఎంతకు కొన్నారని అడిగితే సుంకులమ్మ "ఒక బెల్లం అచ్చు" అంది. కళ్యాణ్ నవ్వుకొని తనకు తోచిన అంకె వేశాడు. ఆ తర్వాత గడి దగ్గర మాత్రం కొంచెం ఆగాడు.

"దేనికి పెంచుకుంటాండారు అని ఉంటాది మామా. ఇంట్లో ముద్దుకా, పనికా అని. పని చేసే జంతువులకు ఈ పాలసీ రాదు. కాపలా కుక్కలు, పందేల కుక్కలు, అట్లాంటివాటికి వేరే ఉంటాది."

"పనేముందిరా దానికి, పగలంతా నిద్దరే. ఏ పనీ లేదని రాయి."

రాశాడు. సుంకులమ్మ దబ్బనంలోకి పురికొస ఎక్కించుకుంది. ఈ చిన్న అబద్ధానికి కంగారు పడే మనిషి కాదామె. కట్ట కట్టేటప్పుడు రెండు మంచి గోతాల మధ్య ఒక అతుకుల గోతం దోపడం ఆమెకూ వచ్చు. వ్యాపారమన్నాక అంతమాత్రం ఉంటుంది. చవక రకం రాయబోతున్న కళ్యాణ్‌ను మాత్రం ఆపింది. "సచ్చినాక వచ్చే డబ్బు పిల్లికేం పనికొస్తాది? ఆస్పత్రిదే రాయి" అంది. లక్ష్మప్ప గొణిగాడు గానీ ఫోను తీసి డబ్బు పంపాడు. "మేనల్లుడి ముఖం చూసి కడతాండా. పిల్లి ముఖం చూసి కాదు" అన్నాడు. ఆ లెక్కలో మూడో ముఖం ఒకటి ఉండాలని అతనికి తోచలేదు. సుంకులమ్మ పురికొస కొరికి, ముడి వేసి, తరువాతి గోతం అందుకుంది.

టీకాలు వేయించడానికి ప్రభుత్వ పశువుల ఆస్పత్రికి రెండు సార్లు నడిచి వెళ్లింది. దారిలో దగ్గు వచ్చి రెండు చోట్ల ఆగాల్సి వచ్చింది. ఆ దగ్గుది ఇంకో కథ. కిందటి చలికాలంలో మొదలైంది, పోలేదు. గోతం దులిపినప్పుడల్లా లోపలి నుంచి తోసుకొస్తుంది. ఒకసారి లక్ష్మప్ప బండి మీద తీసుకెళ్లి డాక్టరుకు చూపించాడు. డాక్టరు గొట్టం పెట్టి విని, "ఏం పని చేస్తారమ్మా?" అని అడిగాడు. ఆమె చెప్పబోయేలోపు లక్ష్మప్ప అందుకున్నాడు. "ఏం పని లేదు సార్, ఇంట్లోనే ఉంటాది." అయితే వాతావరణం మారినందుకే అయ్యుంటుందని డాక్టరు ఒక సీసా మందు రాశాడు. సీసా అయిపోయింది. దగ్గు మాత్రం గోతాలతో పాటు ఇంట్లోనే ఉంది. ఆ రోజు ఎందుకు మాట్లాడలేదా అని తర్వాత చాలాసార్లు అనుకుంది. డాక్టరు అతని ముఖం చూసి అడిగాడు, అతను డాక్టరు ముఖం చూసి చెప్పాడు. మధ్యలో కూర్చున్న మనిషి గొట్టం పెట్టి వినడానికి మాత్రమే ఉంది.

పత్తి సీజను వచ్చింది. గోతాలకు గిరాకీ పెరిగి లారీలు వరసగా నిలబడ్డాయి. తొందరలో హమాలీలు పై కట్టలు దించకుండా కిందిది లాగారు. వరసంతా ఒక్కసారి ఒరిగింది. దుమ్ము తగ్గాక ఎక్కడి నుంచో సన్నగా అరుపు. పట్టపగలే ఎలుక కదిలితే దాని వెంట పడి దూరినట్టుంది దొరసాని, కట్టల సందులో వెనక కాలు నలిగిపోయింది. నోట్లో ఎలుక ఇంకా అట్లాగే ఉంది.

పశువుల డాక్టరు ఎక్స్‌రే తీయించి చూశాడు. "తొడ ఎముక రెండు చోట్ల విరిగిందమ్మా. లోపల కడ్డీ వేయాలి. కర్నూలులో చేస్తారు, పద్దెనిమిది వేల దాకా అవుతుంది" అన్నాడు.

"పద్దెనిమిది వేలా?" అన్నాడు లక్ష్మప్ప. "దాంతో ఒక లాటు గోతాలొస్తాయి. ఇంకో పిల్లిని తెచ్చుకో. బెల్లం నేనిస్తా."

నిజంగా ఉదారంగానే అన్నాడు. సుంకులమ్మ ఏడవలేదు. కళ్యాణ్‌కు ఫోను చేసి లక్ష్మప్ప చేతికిచ్చింది. ఎనభై శాతం వెనక్కి వస్తుందని అటు నుంచి వినబడ్డాక లక్ష్మప్ప నొసలు సడలింది. పద్నాలుగు వేల నాలుగు వందలు తిరిగి వస్తాయంటే తన చేతి నుంచి పోయేది ఎంతో చూసుకున్నాడు. "సరే, పో" అన్నాడు. లారీ నిలబడి ఉంది కాబట్టి తను రాలేనన్నాడు. రమ్మని ఆమె అడగలేదు.

కర్నూలు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది, వెదురుబుట్ట ఒడిలో పెట్టుకొని. పక్క సీట్లో ఉరుకుంద ఈరన్న స్వామి గుడిలో పిల్లవాడికి పుట్టువెంట్రుకలు తీయించి వస్తున్న ఒకామె కూర్చుంది. పిల్లవాడి గుండుకు గంధం పూసి ఉంది. "ఏమ్మా, ఒంటిగా పోతాండావు? నీతో ఎవురూ రాలేదా?" అంది.

"దొరసాని వచ్చింది" అంది సుంకులమ్మ.

ఆమె చుట్టూ చూసింది. బుట్టలోంచి మ్యావ్ అని వినబడ్డాక నవ్వి, పిల్లవాడి చేతిలోని కొబ్బరిముక్క తుంచి బుట్టలోకి వేసింది. పిల్లి తినలేదు. అయినా చాలా నెలల తర్వాత ఎవరో తనను ఒక మాట అడిగి, జవాబు కోసం ఆగారు. ఆ మాట పట్టుకొనే సుంకులమ్మ ఎమ్మిగనూరు దాకా కూర్చుంది.

ఎమ్మిగనూరు బస్టాండులో కళ్యాణ్ కిటికీ దగ్గరికి వచ్చి కాగితాలు అందించాడు. "అత్తా, ఒక మాట. గోడౌన్‌లో అని యాడా చెప్పొద్దు. ఇంట్లో బీరువా మీది నుంచి దూకినాదను. ఎలుకలు పడతాది, గోతాలకు కాపలా, ఇట్లాంటి మాటలు రానియ్యొద్దు. పని అన్న మాట వస్తే అంతే, క్లెయిము పోతాది."

"సరేలేరా. పని మాట ఎత్తనులే" అంది. ఆ మాట ఎత్తకుండా ఉండటం తనకేమీ కొత్త కాదనుకుంది.

కాలు బాగుపడింది. కొంచెం ఈడుస్తుంది గానీ కట్టల మీదికి ఎక్కగలుగుతోంది. క్లెయిము కాగితాలు పంపిన కొన్ని వారాలకు విచారణకు కంపెనీ మనిషి వస్తాడని కబురు వచ్చింది. పాలసీలో చిరునామా గోడౌన్‌దే పడింది కాబట్టి లక్ష్మప్ప ఆ పొద్దున చాలా కష్టపడ్డాడు. గోడౌన్ ముందు భాగంలో ఇంటి నుంచి తెచ్చిన మంచం వేయించాడు. బోర్డు దింపించి, కట్టల మీద దుప్పట్లు కప్పించాడు. గోడకు క్యాలెండరు, మేకుకు కొత్త కర్టెను. "మంచి చీర కట్టుకో. దబ్బనం పక్కన పెట్టు" అన్నాడు. సుంకులమ్మ కట్టుకుంది, పెట్టింది. మంచం మీద కూర్చొని చూస్తే, ఇన్నేళ్లలో ఈ చోటు ఇల్లులా ఉన్నది ఈ ఒక్క పూటే అనిపించింది. ఒక పరాయి మనిషి కోసం. మంచం అంచున ఊరికే కూర్చుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సాయంత్రానికి ఇవ్వాల్సిన గోతాలు కర్టెను వెనక ఎట్లున్నవి అట్లే ఉన్నాయి. అరగంట చూసింది, వచ్చేవాడు రాలేదు. ఒక గోతం లాగి ఒడిలో వేసుకుంది.

ఆయన వచ్చినప్పుడు ఆమె సగం చిరుగు కుట్టి ఉంది. కర్నూలు నుంచి వచ్చినాయన, నెరిసిన జుట్టు, మెడలో గుర్తింపు కార్డు. పేరు యేసేపు అని చెప్పుకున్నాడు. చెప్పులు బయట విడిచి మరీ లోపలికి వచ్చాడు, ఇల్లనే అనుకున్నాడు. పిల్లి దగ్గర వంగి, కుట్టు మచ్చ చూసి, ఫోటో తీసుకొని, కాగితంతో పోల్చుకున్నాడు. దొరసాని ఒక కన్ను తెరిచి మళ్లీ మూసుకుంది.

"ఇది ఇల్లేనాండి?" అని అడిగాడు.

"ఇ... ఇల్లే సార్" అన్నాడు లక్ష్మప్ప. "ఎనకాల కొంచెం సరుకు ఉంటాది. కొంచెమే."

"సరుకంటే ఎలుకలు ఉంటాయి కదా. పిల్లి పడుతుందా?"

"ఎలుకలు... ఎలుకలు యాడివి సార్. ఒకటీ అరా." గొంతు సవరించుకున్నాడు. కండువాతో మెడ తుడుచుకున్నాడు. "పాలు తాగి పడుకుంటాది. దానికి ఏ పనీ లేదు."

యేసేపు చూపు సుంకులమ్మ ఒడిలోని గోతం మీద ఆగింది. "మరి ఈవిడ?"

"ఆమెనా? మా ఇంటామె సార్" అన్నాడు లక్ష్మప్ప. "ఆమెకూ ఏం పని లేదు, ఇంట్లోనే ఉంటాది. పొద్దు పోక ఏదో కుడతాంటాది."

సుంకులమ్మ చెయ్యి ఆగింది. లక్ష్మప్ప గొంతు వ్యాపారంలో ఎప్పుడు ఎట్లా ఉంటుందో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. రేటు పెంచి చెప్పేటప్పుడు ఒక తీరు, పాత సరుకు కొత్తదని చెప్పేటప్పుడు ఇంకో తీరు. ఇల్లు అన్నప్పుడు తడబడ్డాడు. ఎలుకలు లేవన్నప్పుడు చెమట తుడుచుకున్నాడు. ఈ చివరి మాటకు మాత్రం గొంతు నున్నగా, తేలికగా, నీళ్లలా వచ్చింది. మొదటి రెండూ అబద్ధాలని అతనికి తెలుసు. మూడోది అబద్ధమని అతనికి తెలియదు. డాక్టరు దగ్గర కూడా ఇదే గొంతు. ఇన్నాళ్లూ తను అనుకున్నదేమిటంటే, అతను లోపల అన్నీ తెలిసి, పైకి ఒప్పుకోడని. కూలి మిగుల్చుకోవడానికి, పరువు కాపాడుకోవడానికి అట్లా అంటాడని. వ్యాపారి కదా, తెలిసి దాస్తున్నాడంటే అందులో కొంత విలువ కట్టినట్టే లెక్క. తీరా చూస్తే దాచడానికి అక్కడ ఏమీ లేదు. అతను చూసినప్పుడల్లా నిజంగానే ఒక ఆడమనిషి గోతాల మీద కూర్చొని పొద్దు పుచ్చుతూ కనబడింది. పక్కన పడుకున్న పిల్లి కనబడినట్టే. తను పెద్దమ్మ లేని మధ్యాహ్నాల్లో ఒంటరినైపోయాననుకుంది. అంతకు చాలా ముందు నుంచే ఈ చోట తను ఒక్కతే ఉంది.

నోరు మూసుకుంటే పద్నాలుగు వేల నాలుగు వందలు. ఇంకో వైపు ఏముందో కూడా చూసుకుంది. అటు వైపు ఒక మాట మాత్రమే ఉంది. దాన్ని ఇంతకు మునుపు ఎవరూ తూచలేదు కాబట్టి రేటు ఎంతో తెలియదు.

"సార్" అంది. "అది ఎలుకలు పడతాది."

లక్ష్మప్ప తిరిగి చూశాడు.

"రాత్రంతా పడతాది. దాన్ని పెట్టుకున్నదే అందుకు. ఆ పొద్దు కాలు విరిగింది కూడా ఎలుక ఎనకాల పడే. బీరువా మీది నుంచి కాదు. ఇది గోడౌను. పెండ్లయి వచ్చిన కాడి నుంచి నేనీడ గోతాలు కుడతా."

యేసేపు పెన్ను పైకి ఎత్తి పట్టుకున్నాడు. మంచి మనిషి. "అమ్మా, మీరు చెప్పింది నేను రాయాల్సి వస్తుంది. రాస్తే డబ్బు రాదు. ఇంకోసారి ఆలోచించుకొని చెప్పండి. పెంచుకునే పిల్లే కదా ఇది?"

"పెంచుకునేదే. పని కూడా చేస్తాది. రెండూ రాయండి."

"రెండూ రాయడానికి ఇందులో గడి లేదమ్మా."

"లేకపోతే పక్కన రాయండి సార్. చోటుండాది కదా."

ఆయన కాగితాన్ని అడ్డంగా తిప్పుకున్నాడు. తర్వాత రాశాడు. ఏం రాశాడో సుంకులమ్మ అడగలేదు. వెళ్లేటప్పుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగి, "కాలు బాగా అతికింది" అన్నాడు. లక్ష్మప్పతో కాదు, ఆమెతో.

బండి చప్పుడు యార్డు మలుపు తిరగగానే లక్ష్మప్ప కర్టెను లాగి పారేశాడు.

"నోట్లోకొచ్చిన ముద్ద. పద్నాలుగు వేల నాలుగు వందలు. నోరు మూసుకొని కూర్చోనుంటే వచ్చేటివి. నిన్నెవురు అడిగినారు? కళ్యాణ్‌గానికి ఆఫీసులో మాట రాదా?"

"వాడికి నేను చెప్పుకుంటాలే. రాసింది నువ్వు చెప్తేనే కదా."

"ఇప్పుడు ఆ డబ్బు ఎవురిస్తారు? మీ నాయనిస్తాడా?"

సుంకులమ్మ సగంలో ఆగిన చిరుగు పూర్తి చేసింది. ముడి వేసింది. పురికొస కొరికింది.

"నా కూలిలో పట్టుకో" అంది.

"ఏం కూలి?"

"పెద్దమ్మకిచ్చిన రేటే. గోతానికి మూడు రూపాయలు. పెండ్లి కాడి నుంచి అడగను. ఆమె పోయిన కాడి నుంచి ఆమె వాటా నేను కుట్టినా చూడు, అది ఒక్కటే కట్టు. రోజుకెన్ని కట్టలు పోతాండాయో నీకే తెలుసు కదా."

లక్ష్మప్ప ఏదో అనబోయాడు. కానీ అతను వ్యాపారి. మూడు రూపాయలు, గోతాలు, నెలలు అని చెవిన పడ్డాక మనసు తనంతట తానే గుణించడం మొదలుపెట్టింది. సుంకులమ్మ అతని పెదవులు కదలడం చూస్తూ కూర్చుంది. పిల్లి కాలు ఖర్చు దగ్గరికి లెక్క వచ్చింది, దాన్ని దాటింది, ఇంకా పోతూనే ఉంది. ఒకచోట పెదవులు ఆగిపోయాయి. ఆగింది లెక్క పూర్తి కావడం వల్ల కాదని ఇద్దరికీ తెలుసు. అతను మొదటిసారి ఆమె ఒడిలోని గోతం వంక చూశాడు, సరుకు తీసుకునే ముందు చూసినట్టు.

దగ్గు వచ్చింది ఆమెకు. తగ్గేదాకా ఆగి, దబ్బనాన్ని పక్కనున్న గోతంలో నిలువుగా గుచ్చి లేచింది. చీర మీది పీచు దులుపుకుంది. కట్టల మీద దొరసాని ఒక చెవి ఇటు తిప్పింది.

"పట్టుకోంగ మిగిలింది నా చేతికియ్యి" అంది సుంకులమ్మ. "డాక్టరు కాడికి పోవాల. నువ్వు రావద్దు, నేనొక్కదాన్నే పోతా. ఏం పని చేస్తావని ఆయప్ప అడిగితే, ఈ తూరి నేనే చెప్తా."